నర్సింగ్ చదువుతూ సీఎన్‌ఏగా (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్‌గా) పనిలో చేరాలా? ఈ దారిలో నడిచినవారు చెప్పండి

పెన్నాతీరం (ప్లేనో, టెక్సాస్)

అందరికీ నమస్కారం. నెల్లూరులో బీకాం చదివి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. చాలా ఏళ్లు హెచ్4 మీద, అంటే మావారి ఉద్యోగ వీసాపై ఆధారపడే వీసా మీద, ఇంట్లోనే ఉన్నాను. గ్రీన్ కార్డు వచ్చాక కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ, మైక్రోబయాలజీ వంటివి పూర్తిచేసి, ఇప్పుడు రెండేళ్ల ఏడీఎన్ (నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ) కోర్సు చదువుతున్నాను. డిసెంబరుతో మొదటి సెమిస్టర్ అయింది. మంచి మార్కులే వచ్చాయి. రెండో సెమిస్టర్‌లో మెడికల్ సర్జికల్, ఫార్మకాలజీ రెండూ కలిసి వస్తాయి. వారానికి రెండు రోజులు క్లినికల్స్, అంటే రోగుల దగ్గర శిక్షణ.

నా ముందు రెండు అవకాశాలు ఉన్నాయి. ఇంటికి పది నిమిషాల దూరంలో వృద్ధులుండే నర్సింగ్ హోమ్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా శని, ఆదివారాలు రాత్రి 11 నుంచి ఉదయం 7 వరకు పని. సర్టిఫికెట్ శిక్షణ ఖర్చు వాళ్లే పెట్టుకుంటామన్నారు. రెండోది నలభై నిమిషాల దూరంలో ఉన్న ఆసుపత్రిలో పేషెంట్ కేర్ టెక్నీషియన్, అదీ అసిస్టెంటు తరహా పనే. అది పీఆర్‌ఎన్ పోస్టు, అంటే నెలకు కొన్ని షిఫ్టులు మనకు వీలైన రోజుల్లో ఒప్పుకుంటే చాలు. కానీ ఒక్కో షిఫ్టు 12 గంటలు.

అసిస్టెంట్ అనుభవం లేకపోతే చదువయ్యాక ఉద్యోగం రాదని తోటి విద్యార్థులు అంటున్నారు. పని పెట్టుకుంటే ఫెయిలవుతావని ఒక టీచరు అంటున్నారు. మాకు డబ్బు అత్యవసరం కాదు గానీ, మావారి కంపెనీలో ఏడాదిగా మనుషులను తీసేస్తున్నారు. నా పేరున కొంత సంపాదన ఉంటే ధైర్యం. పిల్లలు ఇద్దరు, ఒకరు రెండో తరగతి, ఒకరు ఐదు.

ఇంకో సంగతి దాచకుండా రాస్తాను. క్లినికల్స్‌లో మంచం మీదున్న పెద్దాయనకు ఒళ్లు తుడవమన్నప్పుడు నా చేతులు వణికాయి. పరాయి మగవారి ఒంటిని అలా ముట్టుకోవడం నాకు అదే మొదలు. ఇది అలవాటవుతుందా, లేక నేను ఈ వృత్తికి సరిపోననే సూచనా?

రాత్రిడ్యూటీ (హ్యూస్టన్)

చేరండి. నేను మూడు సెమిస్టర్లు సీఎన్‌ఏగా చేసి, ఇప్పుడు మెడ్‌సర్జ్‌లో (మెడికల్ సర్జికల్ వార్డులో) ఆర్‌ఎన్‌గా, అంటే రిజిస్టర్డ్ నర్సుగా ఉన్నాను. చదువు నేర్పలేనిది ఆ పనే నేర్పింది.

క్లినికల్స్‌లో మీ చేతికి ఒకరో ఇద్దరో రోగులను ఇస్తారు. వెనకాల టీచరు ఉంటారు. మీ దృష్టంతా ఆమె ఏమి అడుగుతుందో అన్న దాని మీదే ఉంటుంది. అసిస్టెంట్‌గా ఉన్నప్పుడు ఎనిమిది, పది మంది బాధ్యత మీది. ఒకరు బాత్రూంకు వెళ్లాలంటారు, ఒకరికి వాంతి, ఇంకొకరి ఆక్సిజన్ గొట్టం జారిపోతుంది. ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలన్నది పుస్తకంలో ఒక అధ్యాయం. అక్కడ అది ప్రతి పావుగంటకూ తీసుకోవలసిన నిర్ణయం.

చర్మం సంగతే తీసుకోండి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని అందరం చదువుతాం. తిప్పేటప్పుడు తుంటి ఎముక, మడమ, వెన్ను చివర చూసేది ఎక్కువసార్లు అసిస్టెంటే. నొక్కితే తెల్లబడని ఎరుపు పడక పుండుకు మొదటి దశ అని పుస్తకం చెబుతుంది. మన రంగు చర్మం మీద, నల్లజాతివారి చర్మం మీద ఆ ఎరుపు కళ్లకు సరిగ్గా కనబడదు. చుట్టుపక్కల కంటే ఆ చోటు వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తబడిందా అని చేత్తో చూడాలి. ఇది నాకు నేర్పింది ఇరవై ఏళ్లుగా అదే పని చేస్తున్న ఒక నైజీరియన్ ఆవిడ. ఆ జ్ఞానం ఆవిడ చేతుల్లో ఉంది.

అలాగే పడుకున్న మనిషిని ఒక్కసారిగా నిలబెట్టకుండా మంచం అంచున కాళ్లు వేలాడదీయించి కూర్చోబెట్టడం, తల తిరుగుతోందా అని అడగడం, అప్పుడు గెయిట్ బెల్ట్ (రోగి నడుముకు కట్టే పట్టీ) పట్టుకుని లేపడం. క్లాస్ట్రిడియం అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలున్న రోగి గదిలోంచి వచ్చాక శానిటైజర్ పనికిరాదు, ఆ బీజాలు ఆల్కహాల్‌కు చావవు, సబ్బు నీళ్లతోనే కడగాలి. మూత్రం గంటకు 30 మిల్లీలీటర్ల కంటే తగ్గితే నర్సుకు వెంటనే చెప్పాలి. పరీక్షలో ఇవి అడిగినప్పుడు నాకు పేజీ గుర్తుకు రాలేదు, మనుషులు గుర్తుకు వచ్చారు.

చేతులు వణకడం గురించి: అందరికీ వణుకుతాయి. దుప్పటి కప్పి, ఏ భాగం తుడుస్తున్నామో ఆ భాగమే తెరిచి, ముందే చెప్పి ముట్టుకోండి. ఆయన సిగ్గు తగ్గితే మీ సిగ్గూ తగ్గుతుంది.

మామిడితోపు (అట్లాంటా)

నాది వేరే మాట. నేను ఆక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (త్వరగా ముగిసే నర్సింగ్ డిగ్రీ) చేశాను. ఒక్క రోజు కూడా అసిస్టెంట్‌గా పని చేయలేదు. కొత్త నర్సుల కోసం ఆసుపత్రులు నడిపే రెసిడెన్సీలోనే నాకు ఉద్యోగం వచ్చింది. కాబట్టి "అనుభవం లేకపోతే ఉద్యోగం రాదు" అన్న మాటకు భయపడి నిర్ణయం తీసుకోకండి.

లెక్క వేసి చూడండి. కార్మిక శాఖ 2024 మే గణాంకాల ప్రకారం అమెరికాలో నర్సింగ్ అసిస్టెంట్ల మధ్యస్థ వార్షిక వేతనం 39,530 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సులది 93,600. మీరు వారాంతాల్లో సంపాదించేది మొదటి అంకెలో చిన్న ముక్క. ఒక్క సబ్జెక్టు పోయి, అది మళ్లీ వచ్చే సెమిస్టర్ దాకా ఆగవలసి వస్తే పోగొట్టుకునేది రెండో అంకెలో సగం. చాలా నర్సింగ్ కోర్సుల్లో రెండుసార్లు ఫెయిలైతే సీటే పోతుంది. మామూలు కాలేజీ చదువుల కంటే ఉత్తీర్ణత మార్కు కూడా ఎక్కువ.

పైగా మీకు ఇద్దరు పిల్లలు. శనివారం రాత్రంతా మేలుకుని, ఆదివారం రాత్రి మళ్లీ మేలుకుని, సోమవారం క్లాసులో కూర్చుని గుండె మందుల గురించి వింటే ఎంత తలకెక్కుతుంది?

రాత్రిడ్యూటీ (హ్యూస్టన్)

మామిడితోపు గారూ, ఏడాది, ఏడాదిన్నరలో ముగిసే ఆక్సిలరేటెడ్ కోర్సులో పని కుదరదు, ఒప్పుకుంటాను. ఆవిడది రెండేళ్ల కోర్సు, వేసవి సెలవు ఉంది. పైగా మీరు చెప్పిన నష్టం ఎక్కువ గంటలు పనిచేస్తే వచ్చేది. నెలకు రెండు మూడు షిఫ్టులకూ వారానికి రెండు రాత్రులకూ చాలా తేడా ఉంది.

మామిడితోపు (అట్లాంటా)

అవును, తేడా ఉంది. నా అభ్యంతరం ముఖ్యంగా రాత్రుల మీదే. పీఆర్‌ఎన్ అయితే అంత గట్టిగా వద్దనను.

నల్లగొండ నర్సమ్మ (షికాగో)

నేను మన దగ్గర జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, హైదరాబాద్‌లో ఐసీయూలో పనిచేసి, తర్వాత ఇక్కడికి వచ్చాను. పెన్నాతీరం, నీ చివరి ప్రశ్నకే జవాబు రాస్తాను, నన్ను అక్క అనుకో.

మన దేశంలో ఈ ప్రశ్నే పుట్టదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం బీఎస్సీ నర్సింగ్‌లో పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి, పట్టా చేతికి రావాలంటే క్లినికల్ పోస్టింగులు నూటికి నూరు శాతం పూర్తి కావాలి. హాస్టల్, వార్డు, క్లాసు, ఇంతే జీవితం. బయట పని చేయడానికి సందే ఉండదు. పక్క వేయడం, స్పాంజ్ బాత్, బెడ్‌పాన్ మొదట్లోనే నేర్పిస్తారు. కానీ చదువైపోయాక ఆ పనులు మన చేతిలో ఉండవు. మన పెద్దాసుపత్రుల్లో రోగికి ఒళ్లు తుడిచేది భార్య, అన్నం తినిపించేది కొడుకు, బట్టలు మార్చేది చెల్లెలు. వాళ్లు లేకపోతే ఆయమ్మ. నర్సు సూదిమందు, సెలైను, రికార్డు చూసుకుంటుంది. ఒక నర్సుకు అంత మంది రోగులుంటే ఇంకేమి చేయగలదు?

ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో అసిస్టెంటు లేని రోజు రోగికి నేనే మలం శుభ్రం చేయవలసి వచ్చింది. ఐసీయూలో అన్నేళ్లు చేసిన నాకు కూడా ఒక్క క్షణం లోపల ఏదో అడ్డుపడింది. ఆ అడ్డు పేరేమిటో తర్వాత ఆలోచించాను. మనిషి మలాన్ని ముట్టే పనిని తరతరాలుగా కొన్ని కులాల మీద మోపి, ఆ పని చేసిన చేతుల్నే అంటరానివని అన్న సమాజంలోంచి వచ్చాం మనం. ఏ కులం వారమైనా ఆ చూపు మనలో ఎంతో కొంత దిగే ఉంటుంది. ఎవరూ పైకి అనరు, "ఆయా పని" అని ఊరుకుంటారు. నీ వణుకు నిండా సిగ్గే అని నేను అనుకోను, ఇందులో ఇది కూడా కొంత ఉండవచ్చు. ఉన్నా నువ్వు చెడ్డదానివి కావు. కానీ గుర్తుపట్టాలి. ఎందుకంటే ఆ ముఖకవళిక మంచం మీదున్న మనిషికి వెంటనే తెలిసిపోతుంది.

నువ్వు ఈ వృత్తికి సరిపోతావా అన్నది ఒకసారి వణికిన చేతుల్ని బట్టి తేలదు. కొన్ని షిఫ్టులు చేసి చూడు. నర్సు అయ్యాక కూడా ఈ పని పూర్తిగా తప్పదు.

పెన్నాతీరం (ప్లేనో, టెక్సాస్)

అక్కా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆలోచించవలసిందే.

ఇంట్లో సంగతి కూడా సరిగ్గా ఇదే. మా అత్తగారు ఆరు నెలలకు వచ్చి ఉన్నారు. నర్సు అవుతానంటే ఆవిడకు సంతోషమే, నెల్లూరులో అందరికీ చెప్పుకున్నారు. ఈ పని సంగతి చెప్పగానే, "మనింటి కోడలు ముసలివాళ్ల గుడ్డలు మారుస్తుందని ఊళ్లో తెలిస్తే ఎలా?" అన్నారు. మావారు నా వైపే ఉన్నారు గానీ అమ్మ ముందు గట్టిగా మాట్లాడలేకపోతున్నారు.

రాత్రిడ్యూటీ గారూ, మీరు చెప్పినవి వింటే చేరాలనిపిస్తోంది. మామిడితోపు గారి లెక్క చూస్తే భయం వేస్తోంది. నర్సింగ్ హోమా, ఆసుపత్రా అన్నది ఎవరైనా చెప్పగలరా?

భద్రాద్రి (ఫోర్ట్‌వర్త్, టెక్సాస్)

నేను నర్సింగ్ హోమ్‌లోనే ఎల్‌వీఎన్‌గా (ఆర్‌ఎన్ కంటే ఒక మెట్టు కింది లైసెన్సున్న నర్సుగా) పనిచేస్తాను. అసిస్టెంట్లకు పని పంచేది నేనే కాబట్టి లోపలి విషయాలు రాస్తాను. కొంచెం పెద్ద జవాబు, ఓపికగా చదవండి.

మొదట శిక్షణ ఖర్చు. అది వాళ్లు చేసే ఉపకారం అనుకోకండి. 1987లో వచ్చిన సమాఖ్య చట్టం కింద, ఉద్యోగం ఇచ్చిన లేదా ఇస్తామన్న నర్సింగ్ హోమ్ ఆ అసిస్టెంట్ దగ్గర శిక్షణకు డబ్బు తీసుకోకూడదు, పుస్తకాలకు కూడా తీసుకోకూడదు. సొంత డబ్బుతో శిక్షణ పొంది 12 నెలల్లోపు చేరినా ఆ ఖర్చు తిరిగి ఇప్పించే ఏర్పాటు చట్టంలో ఉంది. కాబట్టి "మేము ఖర్చు పెట్టాం, ఏడాది ఉంటానని సంతకం చెయ్యి" అంటే కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి. ఆ చట్టం దేశమంతటికీ కనీసం 75 గంటల శిక్షణ అంది. టెక్సాస్‌లో 100 గంటలు, అందులో 40 క్లినికల్. మీరు ఫండమెంటల్స్ (నర్సింగ్ ప్రాథమిక పాఠాలు) పూర్తిచేశారు కాబట్టి శిక్షణ లేకుండా నేరుగా పరీక్ష రాసే వీలుందేమో రాష్ట్ర రిజిస్ట్రీ నడిపే హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్‌ను అడగండి. ఇంకోటి, ఈ సమాఖ్య సర్టిఫికెట్ నియమం నర్సింగ్ హోమ్‌లకే. ఆసుపత్రి నర్సింగ్ విద్యార్థులను టెక్నీషియన్‌గా తీసుకుని తానే నేర్పుకోవచ్చు.

ఇక మనుషుల సంఖ్య. మా దగ్గర పగలు ఒక అసిస్టెంటుకు పది పన్నెండు మంది, రాత్రి ఇరవైకి పైగా. ఎవరైనా రాకపోతే ఇంకా ఎక్కువ. ఒక్కో నివాసికి రోజుకు కనీసం 3.48 గంటల సంరక్షణ అందాలని, అందులో 2.45 గంటలు అసిస్టెంట్లవే కావాలని 2024లో ఇక్కడి సమాఖ్య ప్రభుత్వం నియమం తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టే దాన్ని కొట్టేసింది. అందుకని మీరే చూసుకోవాలి. మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) వారి కేర్ కంపేర్ సైటులో ఆ నర్సింగ్ హోమ్ పేరు కొడితే నక్షత్రాల రేటింగ్, ఒక్కో నివాసికి అసిస్టెంట్ల సమయం, వారాంతాల్లో సిబ్బంది ఎంత, ఏడాదిలో ఎంత మంది మానేశారు అన్నీ ఉంటాయి. మీకు ఇస్తామన్నది వారాంతం రాత్రి. ఆ అంకె తప్పకుండా చూడండి.

మూడోది నడుము. ఈ దేశంలో పనిలో నడుము, భుజం దెబ్బతినేవారిలో నర్సింగ్ అసిస్టెంట్లు ముందు వరుసలో ఉంటారు. రోగులను సురక్షితంగా ఎత్తే విధానం ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌లు పెట్టుకోవాలని 2005లో అన్నిటికంటే ముందు చట్టం చేసింది మన టెక్సాసే. కానీ రోగిని ఎత్తే యంత్రం, హోయర్ లిఫ్ట్, ఉండడం ఒకటి, దాని బ్యాటరీకి చార్జింగ్ ఉండడం ఒకటి, రెండో మనిషి దొరకడం ఇంకొకటి. రాత్రిపూట ఆ మూడోదే దొరకదు. ఎంత తొందరైనా లిఫ్ట్ పని ఒంటరిగా చేయకండి. ఇంకా టెక్సాస్‌లో ప్రైవేటు యజమానులకు వర్కర్స్ కాంపెన్సేషన్, అంటే పనిలో దెబ్బ తగిలితే ఆదుకునే బీమా, తప్పనిసరి కాదు. "మీరు సబ్‌స్క్రైబరా?", అంటే ఆ బీమా తీసుకున్నారా, అని ఇంటర్వ్యూలోనే అడగండి. కాదంటే, దెబ్బ తగిలినప్పుడు ఏమి చేస్తారో కాగితం మీద చూపమనండి. మొహమాటపడకండి.

ఇన్ని చెప్పాక కూడా నర్సింగ్ హోమ్ పనికి ఒక గొప్పతనం ఉంది. ఆసుపత్రిలో రోగి మూడు రోజులుండి పోతాడు. ఇక్కడ అదే మనిషిని నెలల తరబడి చూస్తారు. రోజూ మాట్లాడే ఆవిడ ఒక ఉదయం ముభావంగా ఉంటే, గుర్తు తప్పి మాట్లాడితే, మూత్రంలో ఇన్ఫెక్షనో, ఇంకేదైనా మొదలైందేమో అని అందరికంటే ముందు అసిస్టెంటుకే అనుమానం వస్తుంది. మా దగ్గర అలా బయటపడినవి ఎన్నో. వయసు మళ్లినవారిని చూసుకోవడం మీకు ఇష్టమైతే ఇదే మంచి బడి. కానీ మీ పరిస్థితికి, చదువుతో పాటు వారాంతం రెండు రాత్రులంటే నేనే వద్దంటాను.

బోధిని (న్యూజెర్సీ)

నేను కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ పాఠాలు చెబుతాను. పని చేయవద్దన్న ఆ టీచరును అర్థం చేసుకోగలను. ఆవిడ చూసింది వారానికి మూడు షిఫ్టులు చేసి క్లాసులో కునికే విద్యార్థులను. గంటలు తక్కువైతే నేను అడ్డు చెప్పను. ఒక విషయంలో మాత్రం జాగ్రత్త, దాని గురించి ఇక్కడ ఎవరూ రాయలేదు.

అసిస్టెంట్‌గా పనిచేసే విద్యార్థులకు చేతి పనుల్లో, రోగితో మాట్లాడడంలో భయం ఉండదు. కానీ ఎన్‌క్లెక్స్ (నర్సు లైసెన్సు పరీక్ష) తరహా ప్రశ్నల్లో, ముఖ్యంగా ఏ పని ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నల్లో వాళ్లే తడబడతారు. వార్డులో తాము చూసిందే సరైన జవాబు అనుకుంటారు. నలుగురు రోగులనిచ్చి, ఎవరి పని అసిస్టెంటుకు ఇవ్వవచ్చని అడుగుతారు. పక్షవాతం వచ్చి మింగడం ఎలా ఉందో ఇంకా పరీక్షించని మనిషికి మొదటిసారి తినిపించడం, శస్త్రచికిత్స అయిన మనిషిని మొదటిసారి నడిపించడం ఇవ్వకూడదు. ఆ రెండూ చూడడానికి మామూలు పనుల్లాగే ఉంటాయి, అడుగున మాత్రం అంచనా వేసే బాధ్యత ఉంది. అంచనా, బోధన, ఫలితం బేరీజు వేయడం, నిలకడగా లేని రోగి, ఇవి నర్సు చేతిలోనే ఉంటాయి. "మా వార్డులో మేమే నడిపిస్తాం మేడం" అంటారు పిల్లలు. పరీక్షలో ఆ జవాబు తప్పు.

కాబట్టి పనిచేస్తున్నప్పుడు ఒక అలవాటు పెట్టుకోండి. నర్సు మిమ్మల్ని ఏదైనా చేయమన్నప్పుడు, ఇది నాకు ఎందుకు ఇచ్చింది, నాకు ఇవ్వనిది ఏమిటి, ఎందుకు ఇవ్వలేదు అని మనసులో అడగండి. ఆమె ఖాళీగా ఉన్నప్పుడు ఆమెనే అడగండి. అలా చేస్తే వార్డు మీ పరీక్షకు శత్రువు కాదు.

హద్దు విషయం కూడా. కాలేజీలో ఇన్సులిన్ ఇవ్వడం, కాథెటర్ వేయడం నేర్చుకుంటారు. అసిస్టెంటు బ్యాడ్జి పెట్టుకున్న రోజు అవి మీకు తెలియనట్టే ఉండాలి. "నువ్వు నర్సింగ్ స్టూడెంటువే కదా, కాస్త ఈ మాత్ర వేసిరా" అని పని ఒత్తిడిలో ఉన్న నర్సు అడగవచ్చు. "ఈ ఉద్యోగంలో నాకు ఆ అనుమతి లేదు" అని మర్యాదగా చెప్పి ఆగండి. రేపు మీకు రావలసిన లైసెన్సు దీని మీద ఆధారపడి ఉంటుంది.

విశాఖ కెరటం (ఒహాయో)

మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నేను ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద బీఎస్ఎన్ చదువుతున్నాను. ఇలాంటి పని నాకు కుదురుతుందా? ఏజెన్సీ ఒకటి సర్దుబాటు చేస్తామంటోంది.

భద్రాద్రి (ఫోర్ట్‌వర్త్, టెక్సాస్)

తమ్ముడూ, ఏజెన్సీ మాట వినకు. ఎఫ్1 మీద చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలలోపు పనే చేయవచ్చు. బయట నర్సింగ్ హోమ్‌లో చేరాలంటే ముందుగా అనుమతి ఉండాలి. అది లేకుండా చేస్తే స్టేటస్ పోతుంది, జీతం చేతికి నగదుగా ఇచ్చినా సరే. మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల అధికారిని కలువు. యూనివర్సిటీ సొంత ఆసుపత్రి ఉంటే అది క్యాంపస్ పని కిందకు వస్తుందో లేదో వాళ్లే చెప్పగలరు.

విశాఖ కెరటం (ఒహాయో)

ధన్యవాదాలు అన్నా. రేపే కలుస్తాను.

కృష్ణలంక (రాలీ, నార్త్ కరోలినా)

నేను నర్సును కాను. మా ఆవిడ చదువుతూ ఏడాదిన్నర సీఎన్‌ఏగా చేసింది. ఇంటి వైపు నుంచి రాస్తున్నాను, ఎందుకంటే ఈ మాట సాధారణంగా భర్తలు చెప్పరు.

రాత్రి షిఫ్టు చేసిన మనిషి పగలు నిద్రపోవాలి. ఇది అందరికీ తెలుసు, ఇంట్లో ఎవరూ పాటించరు. అమ్మ ఇంట్లో ఉందని తెలిస్తే పిల్లలు తలుపు కొడతారు. చుట్టాలు ఫోను చేస్తారు. "కాసేపు లేచి పప్పు పోపు పెట్టు" అంటారు పెద్దవాళ్లు. మా ఆవిడ నిద్రపోయేటప్పుడు నేను పిల్లలను తీసుకుని ఇంట్లోంచి వెళ్లిపోయేవాణ్ణి, లైబ్రరీకో పార్కుకో. మీ ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. మీవారు అమ్మ ముందు మాట్లాడలేకపోతున్నారని రాశారు. ఇక్కడ మాట్లాడక తప్పదు, ఆయనకు నా మాటగా చెప్పండి. ఇంకొకటి, ఉదయం ఏడున్నరకు నిద్రమత్తులో కారు నడపడం ప్రమాదం. నర్సింగ్ హోమ్ పది నిమిషాలే కావచ్చు, ఆ పది నిమిషాల్లోనే మా ఆవిడ ఒకసారి రోడ్డు దిగింది. ఏమీ కాలేదు. ఆ తర్వాత ఆవిడ రాత్రులు మానేసింది.

డబ్బు గురించి ఒక ఉపయోగకరమైన మాట. పెద్ద ఆసుపత్రులు చాలావాటిలో ఉద్యోగుల చదువుకు ఫీజు సాయం ఉంటుంది. ఏడాదికి 5,250 డాలర్ల వరకు దాని మీద మనకు ఆదాయపు పన్ను పడదు. పీఆర్‌ఎన్ వాళ్లకు ఇస్తారా, పార్ట్‌టైమ్ వాళ్లకేనా అని అడగండి. చదువయ్యాక అక్కడే ఇన్నాళ్లు పనిచేయాలన్న షరతు ఉంటుంది, అది చూసుకోండి.

రాత్రిడ్యూటీ (హ్యూస్టన్)

కృష్ణలంక గారు చెప్పినదాంతో నేనూ ఏకీభవిస్తున్నాను. నేను రాత్రులు చేసినప్పుడు నాకు పెళ్లి కాలేదు, అది కలుపుకుని చదవండి నా మొదటి జవాబును. పెన్నాతీరం గారూ, ఆసుపత్రి వైపే మొగ్గండి. ఒక్క విషయం ముందే కనుక్కోండి: పీఆర్‌ఎన్ అన్నా మొదట్లో ఓరియెంటేషన్ ఉంటుంది, అది చాలాచోట్ల వరుసగా కొన్ని వారాలు, పగటిపూట పెడతారు. మీ క్లినికల్స్ రోజులతో ఢీకొంటుంది.

పెన్నాతీరం (ప్లేనో, టెక్సాస్)

రెండు రోజులుగా జవాబు రాయనందుకు మన్నించండి. అందరూ చెప్పినవి పట్టుకుని ఫోన్లు చేశాను.

నర్సింగ్ హోమ్‌ను కేర్ కంపేర్‌లో చూశాను. సిబ్బందికి రెండు నక్షత్రాలు. వారాంతం అంకె ఇంకా తక్కువ. వర్కర్స్ కాంపెన్సేషన్ గురించి అడిగితే, "చేరాక హెచ్‌ఆర్ చెబుతారు" అన్నారు. అక్కడికి వద్దనుకున్నాను.

ఆసుపత్రిలో ఓరియెంటేషన్ రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టే ఉంది, నాలుగు వారాలు, పగలు. సెమిస్టర్ మధ్యలో నాకు కుదరదని చెప్పాను. మేలో క్లాసులు అయ్యాక మొదలుపెట్టడానికి మేనేజరు ఒప్పుకున్నారు. వేసవిలో వారానికి రెండు షిఫ్టులు చేసి, ఆగస్టు నుంచి నెలకు రెండే చేస్తాను. అప్పటికి మార్కులు తగ్గితే అవి కూడా మానేస్తాను, ఆ మాట మేనేజరుకు ముందే చెప్పాను. నర్సింగ్ విద్యార్థులు అలా అడగడం మామూలేనన్నారు.

మావారికి కృష్ణలంక గారి జవాబు చూపించాను. రాత్రి వాళ్లమ్మతో మాట్లాడారు. అత్తగారు ఒప్పుకోలేదు. "నీ ఇష్టం" అని గదిలోకి వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నర్సమ్మక్కా, మీరు రాసింది ఆవిడకు చెప్పే ధైర్యం నాకింకా లేదు. కానీ గత వారం సిమ్యులేషన్ ల్యాబులో ఒళ్లు తుడవడం మళ్లీ చేశాను, బొమ్మ మీదే అనుకోండి, దుప్పటి కప్పి, ముందే చెప్పి, మెల్లగా. టీచరు బాగుందన్నారు.

చివరి ప్రశ్న. మెడ్‌సర్జ్, ఆర్థోపెడిక్ (ఎముకల విభాగం), రిహాబ్ (కోలుకునేవారి విభాగం), ఈ మూడింటిలో ఏ విభాగం కావాలో ఎంచుకోమన్నారు. ఏది అడగాలి?

బోధిని (న్యూజెర్సీ)

మెడ్‌సర్జ్. మీ మూడో సెమిస్టర్ పాఠాల్లో సగం మనుషులు అక్కడే ఉంటారు: గుండె వైఫల్యం, ఊపిరితిత్తుల జబ్బు, షుగర్, శస్త్రచికిత్స తర్వాతి రోజులు.

భద్రాద్రి (ఫోర్ట్‌వర్త్, టెక్సాస్)

నేనూ అదే అంటాను. ఆర్థోలో తుంటి, మోకాలు మార్పిడి అయినవారిని ఎత్తడం, దించడం ఎక్కువ. పని కొత్తలో నడుముకు అది మంచిది కాదు. రిహాబ్‌లో నేర్చుకునేది ఉంది గానీ రోగులు కొంత నిలకడగా ఉంటారు. మీ కాలేజీ క్లినికల్స్ కూడా అదే ఆసుపత్రిలో జరుగుతుంటే, మీరు విద్యార్థిగా వెళ్లే అంతస్తు కాకుండా వేరే అంతస్తు ఇమ్మనండి. బోధిని గారు చెప్పిన హద్దు అక్కడే ఎక్కువగా చెరిగిపోతుంది. చేరాక హెపటైటిస్ బి టీకా వాళ్లే ఉచితంగా ఇవ్వాలి, కాలేజీకి ఇచ్చిన టీకాల కాగితాల కాపీ దగ్గర పెట్టుకోండి, మళ్లీ మళ్లీ అడుగుతారు.

పెన్నాతీరం (ప్లేనో, టెక్సాస్)

మెడ్‌సర్జ్ అని ఇప్పుడే మెయిల్ పంపాను. క్లినికల్స్ వేరే ఆసుపత్రిలోనే, కాబట్టి ఆ చిక్కు లేదు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మేలో చేరాక మొదటి నెల ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.